సమ్మె తెలిసిన రాష్ట్రపతి

బొబ్బిలిలో గెలుపు, పాతపట్నంలో గెలుపు, పార్వతీపురంలో ఓటమి. ఉత్తరాంధ్ర ఓటర్లు గెలిపించి, ఓడించి చూసిన కార్మిక నాయకుడు వి.వి.గిరి కథ

1957 సార్వత్రిక ఎన్నికల్లో పార్వతీపురం లోక్‌సభ ఓటరుకు రెండు ఓట్లు. అది ద్విసభ్య నియోజకవర్గం. ఒక సీటు గిరిజనులకు రిజర్వు, రెండోది జనరల్. ఎస్టీ అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి రిజర్వుడు సీటు ఇచ్చేసి, మిగిలినవాళ్లందరిలో ఎవరు ముందుంటే వాళ్లకు జనరల్ సీటు ఇవ్వాలి. ఆ జనరల్ సీటు కోసం నిలబడ్డది చిన్నాచితకా మనిషి కాదు, మూడేళ్ల కిందటి దాకా కేంద్రంలో కార్మిక మంత్రిగా చేసిన వరాహగిరి వెంకటగిరి. పెట్టెలు తెరిచి లెక్కపెడితే మొదటి ఇద్దరూ గిరిజనులే అయ్యారు. రిజర్వుడు సీటు బిడ్డిక సత్యనారాయణకు, జనరల్ సీటు డిప్పల సూరి దొరకు దక్కాయి. గిరి ఇంటికెళ్లాల్సి వచ్చింది.

ఆయన ఊరుకోలేదు. ఎస్టీ అభ్యర్థిగా నామినేషన్ వేసిన మనిషికి జనరల్ సీటు ఎలా ఇస్తారని ఎన్నికల పిటిషన్ వేశారు. సూరి దొర అసలు గిరిజనుడే కాదని, క్షత్రియుడని కూడా వాదించారు. ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. 1959లో సుప్రీంకోర్టు గిరి వాదన తోసిపుచ్చింది. గిరిజనుడు రిజర్వుడు సీటుకు అర్హుడైనంత మాత్రాన జనరల్ సీటుకు అనర్హుడు కాడని తేల్చింది. ఈ ద్విసభ్య పద్ధతినే 1961లో పార్లమెంటు ఎత్తేసింది. తగాదాలన్నీ కోర్టు మెట్లెక్కకుండా ఎదురెదురుగా కూర్చుని తెంచుకోవాలని జీవితమంతా చెప్పిన మనిషి, తన సొంత తగాదాను మాత్రం దేశంలోకెల్లా పెద్ద కోర్టు దాకా తీసుకెళ్లారు. పెద్దవాళ్లలోనూ ఇలాంటి మెలికలు ఉంటాయి మరి.

అలా ఓడిన మనిషే పన్నెండేళ్లకు రాష్ట్రపతి అయ్యారు. బడి పుస్తకాల్లో గిరి అంటే నాలుగో రాష్ట్రపతి, 1975లో భారతరత్న. జనరల్ నాలెడ్జి పరీక్షకు అంత చాలు. కానీ ఆ పదవికి ముందు నాలుగు దశాబ్దాల పాటు ఆయన చేసిన అసలు పని యూనియన్లు కట్టడం, నడపడం, సమ్మె చేయించడం, చేయించిన సమ్మెను పరువుగా ముగించడం. ఆ పనికీ మన ప్రాంతానికీ ఉన్న లంకె మాత్రం మన పిల్లలకే తెలియదు. బొబ్బిలి, పాతపట్నం, పార్వతీపురం అనే మూడు నియోజకవర్గాల చుట్టూ ఆయన రాజకీయ జీవితంలో సగం తిరిగింది. ఇవాళ ఆ మూడూ విజయనగరం, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం అని మూడు జిల్లాల్లో పడ్డాయి.

డబ్లిన్ నుంచి తెచ్చుకున్నది

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఇప్పుడది ఒడిశా. అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాలు కూడా ఆ గంజాంలోవే కాబట్టి, మనవాళ్లకు బరంపురం పరాయి ఊరు కాదు, కోర్టు పనికీ పెద్ద ఆసుపత్రికీ వెళ్లే ఊరు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు, కాంగ్రెస్ మనిషి. తల్లి సుభద్రమ్మ మద్యనిషేధ ఉద్యమంలో అరెస్టయిన మనిషి. కొడుకును 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండ్‌లోని డబ్లిన్ పంపించారు.

అవి డబ్లిన్ మామూలుగా ఉన్న రోజులు కావు. ఆ ఏడాది ఆగస్టు చివర్లో అక్కడ లాకౌట్ మొదలైంది. జిమ్ లార్కిన్ కట్టిన రవాణా కార్మికుల యూనియన్‌లో ఉండబోమని కాగితం మీద సంతకం పెడితేనే పని, లేకపోతే గేటు బయటే అని మూడు వందలకు పైగా యజమానులు ఏకమయ్యారు. ఇరవై వేల మంది కార్మికులు నెలల తరబడి పస్తులున్నారు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు దిగిన ఊళ్లో ఇదీ పరిస్థితి. లార్కిన్ తర్వాత ఆ యూనియన్‌ను నడిపిన జేమ్స్ కొనొలీ ప్రభావం తన మీద ఎంతుందో గిరి తర్వాత రోజుల్లో దాచుకోలేదు. యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లిషు సాహిత్యం చెప్పిన థామస్ మెక్‌డోనా 1916 ఈస్టర్ తిరుగుబాటు నాయకుల్లో ఒకడు. ఆ మే నెలలో బ్రిటిష్ సైన్యం మెక్‌డోనానూ కొనొలీనీ కాల్చి చంపింది. గాయపడి నిలబడలేని కొనొలీని కుర్చీకి కట్టి మరీ కాల్చారు. కొద్ది వారాలకే భారతీయ విద్యార్థి గిరిని దేశం విడిచి పొమ్మన్నారు. చేతిలో బారిస్టరు పట్టా ఉంది. కాల్చివేతల సంగతి బుర్రలోంచి పోలేదు.

మధ్యలో ఇంకో సంగతి. 1914లో యుద్ధం మొదలైనప్పుడు గాంధీ లండన్‌లో ఉన్నారు. గాయపడ్డ సిపాయిలకు సేవ చేసేందుకు భారతీయ విద్యార్థులను కూడగడుతున్నారు. గిరి మొదట సరేనన్నారు, తర్వాత మనసొప్పక వెనక్కి తగ్గారు. సామ్రాజ్యం చేసే యుద్ధానికి సేవ రూపంలో కూడా చెయ్యి కలపడం ఆయనకు నచ్చలేదు. గాంధీ రచ్చ చేయకుండా ఆయన్ను వదిలేశారు. ఇటు కొనొలీ, అటు గాంధీ. ఒకరి నుంచి యూనియన్, ఇంకొకరి నుంచి చెయ్యెత్తకపోవడం. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో తర్వాత పదేళ్లకు ఖరగ్‌పూర్‌లో కనిపించింది.

ఖరగ్‌పూర్ వెళ్లిన మనవాళ్లు

శ్రీకాకుళం జిల్లాలో వలస కొత్తగా వచ్చిందేమీ కాదు. రంగూన్ పడవలెక్కినవాళ్లు ఎక్కగా, బెంగాల్ నాగపూర్ రైల్వే (బీఎన్‌ఆర్) లైను పడ్డాక ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, ఆమదాలవలస స్టేషన్లలో రైలెక్కి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో దిగినవాళ్లు అంతకంతకూ పెరిగారు. ఇంజన్లు, పెట్టెలు, వ్యాగన్లు బాగుచేసే ఆ పెద్ద వర్క్‌షాపులో తెలుగు వినిపించని మూల ఉండేది కాదు. ఇవాళ్టికీ ఖరగ్‌పూర్‌లో తెలుగు బళ్లు, తెలుగు గుళ్లు, తెలుగు వీధులు ఉన్నాయంటే ఆ వలసే కారణం. ఈ లైను పొడవునా పట్టాలు మార్చే గ్యాంగ్‌మన్లూ, బొగ్గు పోసే ఫైర్‌మన్లూ, స్టేషన్లలో లగేజీ మోసే కూలీలూ చాలామంది మన ఊళ్లవాళ్లే. బీఎన్‌ఆర్ లైను మీదే ఉన్న బరంపురంలో ఇల్లున్న గిరికి, వీళ్లతో మాట్లాడటానికి దుబాసీ అక్కర్లేదు.

1920ల తొలినాళ్లలో ఆయన బీఎన్‌ఆర్ కార్మికుల యూనియన్ పనిలోకి దిగారు. అప్పటికి యూనియన్‌కు చట్టం అండ లేదు. 1918లో బి.పి.వాడియా మద్రాసులో లేబర్ యూనియన్ పెడితే, రెండేళ్లకే బిన్నీ కంపెనీ కోర్టుకెళ్లి ఆయన చేతులు కట్టేయించింది. ట్రేడ్ యూనియన్ చట్టం 1926లో గానీ రాలేదు. అలాంటి రోజుల్లో రైల్వే కూలీ దగ్గర నెలకు ఇన్ని అణాలని చందా వసూలు చేసి, రసీదు రాసి, ఫోర్‌మన్ కళ్లబడకుండా సభ్యుణ్ని చేర్చడం తేలిక పని కాదు. వకీలు కావడం గిరికి కలిసొచ్చింది. అర్జీ ఎలా రాయాలో, ఏ మాట రాస్తే కంపెనీ ఏజెంటు జవాబివ్వక తప్పదో ఆయనకు తెలుసు.

1927లో ఖరగ్‌పూర్ రెండుసార్లు ఆగిపోయింది. ఫిబ్రవరిలో మొదలైన సమ్మె లైను పొడవునా పాకింది. అది సర్దుకుందనుకునేలోపు వర్క్‌షాపులో వందల మందిని తీసేస్తామని కంపెనీ ప్రకటించింది. సెప్టెంబరులో మళ్లీ పని ఆగి, చలికాలం వచ్చేదాకా సాగింది. తీసేసేవాళ్ల పేర్లలో తమ పేరు లేనివాళ్లు కూడా పనికెళ్లలేదు, అదీ దాని గొప్ప. ఇంటి దగ్గర మనియార్డరు కోసం చూస్తున్న కుటుంబం, కంపెనీ క్వార్టరు ఖాళీ చేయమంటే ఎక్కడికి పోవాలో తెలియని పెళ్లాంపిల్లలు, చుట్టూ పోలీసులు, రైల్వే వలంటీరు సైనికులు. రాయి విసరకుండా అంతమందిని నిలబెట్టడం గిరి చేసిన అసలు పని. ఒక్క బోగీ తగలబడితే చాలు, కంపెనీ గెలిచినట్టేనని ఆయన లెక్క. అహింస ఆయనకు నోముల వ్యవహారం కాదు, బేరంలో చేతిలో ఉండాల్సిన ఆయుధం.

అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్‌ను నిలబెట్టినవాళ్లలోనూ గిరి ఒకరు. ప్రధాన కార్యదర్శిగా, అధ్యక్షుడిగా దాన్ని ఏళ్ల తరబడి నడిపారు. ఈ ఫెడరేషన్ పేరు గుర్తుంచుకోండి, 1974 దగ్గర మళ్లీ వస్తుంది. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ (ఏఐటీయూసీ) అధ్యక్షుడయ్యారు. 1927లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సదస్సుకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. 1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశంలో గాంధీ కాంగ్రెస్ తరఫున కూర్చుంటే, గిరి కార్మికుల తరఫున కూర్చున్నారు.

అందరూ ఆయన్ను మెచ్చుకున్నారని కాదు. 1929లో నాగపూర్‌లో నెహ్రూ అధ్యక్షతన జరిగిన ఏఐటీయూసీ మహాసభలో గొడవ ముదిరింది. బ్రిటిష్ ప్రభుత్వం వేసిన విట్లీ కార్మిక కమిషన్‌ను బహిష్కరించాలని వామపక్షం పట్టుబట్టింది. ఎన్.ఎం.జోషితో కలిసి గిరి బయటికొచ్చేసి వేరే ఫెడరేషన్ పెట్టుకున్నారు. తెల్లదొరల బల్ల దగ్గర కూర్చోవడానికి ఎగబడేవాళ్లని వామపక్షం వెక్కిరించింది. కమిషన్ ముందు చెప్పకపోతే కూలీ గోడు రికార్డులో ఎక్కడుంటుందని వీళ్లు అడిగారు. నాకైతే ఆ తగాదాలో ఇద్దరి దగ్గరా కొంత న్యాయం కనిపిస్తుంది. విడిపోయినందువల్ల యూనియన్లు బలహీనపడ్డ మాట మాత్రం నిజం. మళ్లీ ఒక గూటికి చేరడానికి దాదాపు పదేళ్లు పట్టింది.

పసుపు పెట్టె

ఇక బొబ్బిలి. 1937 ఫిబ్రవరి. మద్రాసు ప్రెసిడెన్సీకి అప్పటి ప్రధానమంత్రి ఎవరో కాదు, బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు, జస్టిస్ పార్టీ నాయకుడు. సొంత జమీందారీలో, తాతముత్తాతల పేరు మోగే గడ్డ మీద ఆయన నిలబడ్డారు. ఆయన మీదికి కాంగ్రెస్ పంపింది గిరిని. ఊరు కాదు, వంశం కాదు, ఎస్టేటు లేదు. అప్పటికి వయోజనులందరికీ ఓటు లేదు. పన్ను కట్టేవాళ్లకు, చదువుకున్నవాళ్లకు, అలాంటి కొందరికే ఉండేది. ఓటు వేసేది కాగితం మీద గుర్తుకు కాదు, రంగురంగుల పెట్టెల్లో. ప్రెసిడెన్సీ అంతటా కాంగ్రెస్ ప్రచారం గాంధీకి ఓటేయండి, పసుపు పెట్టెలో వేయండి అనే.

జమీందారుకు శిస్తు కట్టే రైతు పోలింగు గదిలోకి వెళ్లి ఆ జమీందారు పెట్టె పక్కనుంచి చెయ్యి దాటించి పసుపు పెట్టెలో చీటీ వేయడమంటే ఏమిటో ఇప్పుడు ఊహించడం కష్టం. బయట దివాణం మనుషులుంటారు. మర్నాడు పొలానికి నీళ్లు వదలాల్సిందీ, గట్టు తగాదా తీర్చాల్సిందీ వాళ్లే. అయినా వేశారు. ప్రధానమంత్రి సొంత గడ్డ మీద ఓడిపోయారు. మొత్తం 215 సీట్లలో కాంగ్రెస్‌కు 159 వస్తే, జస్టిస్ పార్టీకి 18 మిగిలాయి. రాజాజీ మంత్రివర్గంలో గిరి కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. యుద్ధం రావడంతో 1939లో ఆ మంత్రివర్గం దిగిపోయింది. క్విట్ ఇండియా రోజుల్లో గిరి వెల్లూరు, అమరావతి జైళ్లలో ఉన్నారు. 1946లో ప్రకాశం పంతులు మంత్రివర్గంలో మళ్లీ కార్మిక శాఖే. స్వాతంత్ర్యం వచ్చాక నాలుగేళ్లు సిలోన్‌లో హైకమిషనరు. అక్కడి టీ తోటల్లోని భారతీయ కూలీలకు పౌరసత్వం లేకుండా పోయిన కాలం అదే.

నైనిటాల్ మాట

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి పోయే చిన్న రైలుకు అప్పటికే యాభై ఏళ్లు దాటాయి. రైల్వే కూలీల నాయకుడికి సరిపోయిన నియోజకవర్గమే అనాలి. నెహ్రూ ఆయన్ను కార్మిక మంత్రిని చేశారు. ఆ అక్టోబరులో నైనిటాల్‌లో భారత కార్మిక సదస్సు 12వ సమావేశం జరిగింది. అక్కడ ఆయన చెప్పిన పద్ధతికి కార్మిక వర్గాల్లో గిరి విధానమనే పేరు స్థిరపడింది. అదేమిటో మన నెల్లిమర్ల జూట్ మిల్లు లాంటి చోట పెట్టి చూద్దాం.

ఆ రోజుల్లో స్పిన్నింగు విభాగంలో ఒక కార్మికుణ్ని పనిలోంచి తీసేశారనుకోండి. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం యూనియన్ లేబరు ఆఫీసుకు వెళ్తుంది. రాజీ అధికారి ఇద్దర్నీ పిలుస్తాడు. యాజమాన్యం ఒకసారి రాదు, ఒకసారి వాయిదా అడుగుతుంది. రాజీ కుదరలేదని ఆయన ప్రభుత్వానికి నివేదిక రాస్తాడు. ప్రభుత్వానికి తోస్తే తగాదాను ట్రిబ్యునల్‌కు పంపుతుంది, తోచకపోతే లేదు. ట్రిబ్యునల్‌లో వకీళ్లు. తీర్పు వచ్చాక హైకోర్టు. ఆపైన సుప్రీంకోర్టు. ఈలోగా ఆ కార్మికుడి కూతురి పెళ్లి అప్పుతో అయిపోతుంది, ఆయన ఏ హమాలీ పనిలోనో చేరతాడు. గెలిచినా మిల్లులోకి తిరిగి వెళ్లే వయసుండదు.

గిరి చెప్పింది ఇంకో దారి. మిల్లు కార్మికుల్లో ఎక్కువమంది మద్దతున్న యూనియన్‌ను యాజమాన్యం గుర్తించి తీరాలి. తగాదా వచ్చిన రోజే రెండు పక్షాలూ కమిటీలో కూర్చోవాలి. తెగకపోతే ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తి దగ్గరికి పోవాలి. సమ్మె ఉంటుంది, కానీ అది ఆఖరి మెట్టు. ప్రభుత్వం బలవంతంగా ట్రిబ్యునల్‌కు నెట్టడం అన్నది అరుదుగానే జరగాలి. ట్రిబ్యునల్‌కు అలవాటు పడ్డ యూనియన్‌కు సభ్యులు అక్కర్లేదు, వకీలు చాలు, అలా యూనియన్ చచ్చిపోతుందని ఆయన భయం. ఆ మాట ఎంత నిజమైందో చూడాలంటే ఇవాళ ఏ పారిశ్రామికవాడకైనా వెళ్లి రండి. కేసులు నడిపే యూనియన్లు కనిపిస్తాయి, గేటు దగ్గర మీటింగు పెట్టగల యూనియన్లు తక్కువ.

పారిశ్రామిక శాంతి గురించి ఆయన రాసిందీ మాట్లాడిందీ అంతా దీని చుట్టూనే. కార్మికుడు నోరు మూసుకుని ఉండటం శాంతి కాదు. ఇద్దరికీ ఎదుటివాడి బలం తెలిసి, ఒప్పందం మీద సంతకం పెట్టి, దాన్ని నిలబెట్టుకోవడం శాంతి. తన సర్కారులోనే చాలామందికి ఇది రుచించలేదు. పంచవర్ష ప్రణాళిక నడుస్తుంటే సమ్మెకు చోటెక్కడని వాళ్ల వాదన. వివాదాల చట్టం గిరి కోరినట్టు మారలేదు.

రెండేళ్లకే రాజీనామా చేయాల్సి వచ్చింది. బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాల మీద కార్మిక అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును కేంద్ర ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది. కార్మిక మంత్రిగా ఉండి దానికి బాధ్యత మొయ్యలేనని 1954 ఆగస్టులో ఆయన కుర్చీ దిగిపోయారు. ట్రిబ్యునల్ పద్ధతే నచ్చని మనిషి, ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు కోసం పదవి వదిలారు. ఇద్దరూ తీర్పుకు ఒప్పుకుని కూర్చున్నాక, అందులో ఒక పక్షానికి నచ్చలేదని సర్కారు దాన్ని మార్చితే ఇక ఎవరు ఎవర్ని నమ్ముతారన్నది ఆయన పాయింటు. తర్వాత గజేంద్రగడ్కర్ కమిషన్ వేశారు. ఉద్యోగులు పోగొట్టుకున్నదాంట్లో చాలా భాగం 1955లో చట్టం చేసి వెనక్కిచ్చారు.

పదిహేనేళ్ల తర్వాత బ్యాంకులు ఆయన జీవితంలోకి మళ్లీ వచ్చాయి. ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరుగిరీలు, ఉపరాష్ట్రపతి పదవి అయ్యాక, జాకీర్ హుస్సేన్ మరణంతో 1969 మే 3న గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జులై 19న 14 బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సు మీద సంతకం పెట్టారు. మర్నాడు రాజీనామా చేసి, రాష్ట్రపతి పదవికి ఇండిపెండెంటుగా బరిలో దిగారు. ఎదురుగా కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి, మన నీలం సంజీవరెడ్డి. తెలుగువాళ్లు ఇద్దరు ఢీకొన్న ఆ పోటీలో మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరూ గట్టెక్కలేదు. రెండో ప్రాధాన్యం లెక్కపెడితే గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి. దాంతో కాంగ్రెస్ రెండు ముక్కలైంది. ఎన్నిక చెల్లదని వేసిన కేసులో గిరి రాష్ట్రపతి హోదాలో ఉండగానే సుప్రీంకోర్టుకు వెళ్లి స్వయంగా సాక్ష్యం చెప్పారు. ఆ కథంతా ఢిల్లీ రాజకీయం, పుస్తకాలు బోలెడు ఉన్నాయి. నేను చెప్పదలచుకున్నది వేరే.

కొండల మీద తుపాకి

గిరి రాష్ట్రపతి భవన్‌లో అడుగుపెట్టేనాటికి ఆయన పాత నియోజకవర్గాలైన పాతపట్నం, పార్వతీపురం కొండలు భగ్గుమంటున్నాయి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో గిరిజన సంఘం మహాసభకు వెళ్తున్నవాళ్లను లేవిడి దగ్గర ఆపి తుపాకులతో కాల్చారు. కోరన్న, మంగన్న చనిపోయారు. నిందితుల మీద కేసు కొట్టేశారు. అంతకు ముందు పదేళ్ల పాటు బడిపంతులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఆ కొండల్లో చేసింది కూడా ఒక రకంగా యూనియన్ పనే. కంబారికి, అంటే పాలేరుకు, కూలి పెంచమనడం, పోడు భూమి జోలికి రావద్దనడం, షావుకారు తాకట్టు పెట్టించుకున్న భూమి తిరిగిమ్మనడం, చింతపండుకూ అడ్డాకుకూ సరైన ధర కట్టమనడం. ఈ కోర్కెల్లో ఏదీ గిరి అర్జీలో రాయదగనిది కాదు. కానీ బల్లకు అవతల కూర్చోవడానికి ఎవరూ రాలేదు. షావుకారు ఏ చట్టం కిందా యజమాని కాడు, కంబారి ఏ చట్టం కిందా కార్మికుడు కాడు. 1970 జులై 10న సత్యాన్నీ కైలాసాన్నీ పోలీసులు చంపారు.

గిరి విధానానికి అసలు హద్దు ఇక్కడే ఉంది. వర్క్‌షాపులో పని ఆపితే ఇంజన్లు ఆగుతాయి, కంపెనీ మాటకు దిగుతుంది. కొండమీద జీలుగు చెట్టు కింద కూర్చున్న మనిషి పని ఆపితే ఆగేది అతని గంజే. బలం లేనివాడికి రాజీ దారి చూపించడం, ఈతరాని వాణ్ని ఏరు దాటమనడం. గిరి ఇది తెలియని మనిషి కాదు, కానీ ఆయన జీవితం, ఆయన రాసిన పుస్తకాలు రైళ్లు, మిల్లులు, బ్యాంకుల చుట్టూనే తిరిగాయి.

అయితే ఒక్క సంగతి చెప్పకపోతే అన్యాయం. ఏజెన్సీ భూముల మీద 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, మనవాళ్లు వన్ ఆఫ్ సెవెంటీ అనేది, 1970 ఫిబ్రవరి 3 నుంచి అమల్లోకి వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతిలో ఉంటే, అది గిరిజనుడి దగ్గరనుంచి వచ్చిందేనని ముందుగా అనుకోవాలని, కాదని నిరూపించుకునే భారం అతనిదేనని అది చెప్పింది. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మడాన్ని కూడా ఆపింది. 1997 సమతా తీర్పు దాకా గనుల కంపెనీలతో జరిగిన పోరాటాలన్నీ దీని మీద ఆనుకునే నడిచాయి. రాజ్యాంగం ఐదో షెడ్యూలు ప్రకారం ఇలాంటి రెగ్యులేషన్ రాష్ట్రపతి ఆమోదం లేకుండా చెల్లదు. అది అమల్లోకి వచ్చిననాటి రాష్ట్రపతి గిరి. డిప్పల సూరి దొర గిరిజనుడేనా అని సుప్రీంకోర్టులో ప్రశ్నించిన మనిషే. రాష్ట్రపతి మంత్రివర్గం సలహా మీదే నడుస్తారు కాబట్టి ఆ ఘనతంతా ఆయన ఖాతాలో వేయక్కర్లేదు. కొండ మీద తుపాకులు మోగకపోతే ఆ రెగ్యులేషన్ అంత తొందరగా వచ్చేదా అన్న ప్రశ్నా ఉంది. వచ్చేది కాదనే నా అభిప్రాయం.

1974లో ఆయన సంతకం పెట్టని రాజీనామా

1974 మే 8. దేశమంతటా రైళ్లు ఆగిపోయాయి. దాదాపు 17 లక్షల మంది రైల్వే ఉద్యోగుల సమ్మె. ముందున్నది జార్జి ఫెర్నాండెజ్, అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ అధ్యక్షుడు. ఒకప్పుడు గిరి కూర్చున్న కుర్చీయే. ఇందిరాగాంధీ సర్కారు ఫెర్నాండెజ్‌ను సమ్మెకు ముందే అరెస్టు చేసింది. వేలమందిని జైళ్లకు పంపింది, క్వార్టర్ల నుంచి కుటుంబాలను గెంటించింది, ఉద్యోగాలు పీకింది. 20 రోజులకు, మే 27న సమ్మె విరమించారు. ఆ దెబ్బ ఏడాదికి వచ్చిన ఎమర్జెన్సీకి ముందు సూచన అని తర్వాత చాలామంది రాశారు.

అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది 1927లో ఖరగ్‌పూర్ క్వార్టర్ల ముందు నిలబడ్డ గిరి. పదవీకాలం ఇంకా మూడు నెలలే ఉంది. రాష్ట్రపతి చేతులు రాజ్యాంగం కట్టేసిందని ఆయన్ను సమర్థించేవాళ్లు అంటారు. నిజమే. కానీ 1954లో కూడా ఆయన ఒక్కరే క్యాబినెట్‌ను మార్చలేకపోయారు, అందుకే దిగిపోయారు. అప్పుడు చేసిన పని 1974లో చేయలేదు. ఆయన జీవితంలో నాకు మింగుడుపడని ఘట్టం ఏదైనా ఉందంటే ఇదే. అంతటి మనిషి మీద చిన్న మాటనడం నా ఉద్దేశం కాదు. ఖరగ్‌పూర్ గిరినే కొలబద్ద చేసుకుని రాష్ట్రపతి గిరిని కొలిస్తే తేలేది అంతే.

1980 జూన్ 24న మద్రాసులో ఆయన కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరు పెట్టారు. మన దగ్గర 1994లో నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపి ప్రాణాలు తీశారు. ఆ తర్వాత మిల్లు ఎన్నిసార్లు మూతపడి తెరుచుకుందో అక్కడి కార్మికులకే తెలుసు. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో, బొబ్బిలి గ్రోత్ సెంటర్లో ఇప్పుడు చాలా పని కాంట్రాక్టు లేబరుతో జరుగుతోంది. కాంట్రాక్టరు మారితే కార్మికుడి యజమాని మారతాడు, పాత కాంట్రాక్టరుతో కుదిరిన మాట గాలికి పోతుంది. 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 51 శాతం మద్దతున్న యూనియన్‌ను బేరమాడే యూనియన్‌గా గుర్తించాలంది. గిరి డెబ్బై ఏళ్ల కిందట అడిగింది దాదాపు అదే. అదే కోడ్ సమ్మెకు నోటీసు నిబంధనలను అన్ని పరిశ్రమలకూ బిగించింది, అది మాత్రం ఆయన అడగలేదు.

చివరగా పాఠకులకు ఒక మనవి. గిరి గారి ఉత్తరాలూ ఉపన్యాసాలూ భద్రంగానే ఉన్నాయి, ఆయన ఆత్మకథా దొరుకుతుంది. లేనిదల్లా ఆయన వెనక నడిచిన కూలీల గొంతు. ఇచ్ఛాపురం నుంచి విజయనగరం దాకా మీ ఇంట్లో తాతో ముత్తాతో బీఎన్‌ఆర్‌లో పనిచేసి ఉంటే, అటక మీది ట్రంకు పెట్టెలో సర్వీసు పుస్తకం, యూనియన్ చందా రసీదు, సమ్మె నోటీసు, డిస్మిస్ ఉత్తరం ఏమున్నా చెత్తలో పడేయకండి. ఫోన్‌తో ఫొటో తీసి, పక్కన పేరు, ఊరు, ఏ సంవత్సరమో రాసి, దగ్గర్లోని గ్రంథాలయంలోనో కాలేజీ చరిత్ర విభాగంలోనో ఒక ప్రతి ఇవ్వండి. ఇంట్లో పెద్దలుంటే ఈ వారమే కూర్చోబెట్టి అడగండి.